అయిదో నిమిషం

కొత్తపేట సందులో, మెట్ల కింద గది.
ఏసీ చలికి గోడలు కూడా ముడుచుకున్నట్టుంటాయి.
కంప్యూటర్లో పేరు కొట్టాను:
సామ్రాజ్యం, యాభై రెండు, ఆడ.
క్రియాటినిన్ సున్నా పాయింట్ తొమ్మిది. ఉబ్బసం లేదు.
"పడనివేమన్నా ఉన్నాయా?"
"మిరపకాయల్లో ముప్పై ఏళ్ళు.
ఇంకేం పడకుండా ఉంటదమ్మాయ్?"

చెయ్యి పట్టుకుని బల్ల ఎక్కించాను.
యార్డులో తొడిమలు తీసే చెయ్యి,
గోళ్ళ సందుల్లో సబ్బుకి లొంగని ఎరుపు.
నరం ఓ పట్టాన దొరకదు.
తట్టాను, రుద్దాను, పిడికిలి బిగించమన్నాను.
మోచేతి మడతలో చివరికి ఒకటి,
ఎండిన బోదెలో సన్నగా తడి కదిలినట్టు.
గ్లవుజులు. ఆకుపచ్చ సూది. ప్లాస్టరు.

పోయిన వారం ఇంకోచోట తీసిన ఫిల్ములు
బట్టలకొట్టు సంచిలో తెచ్చుకుంది.
ఒక్క ఫేజు, హడావిడిగా.
కాలేయంలో ఒక మచ్చ,
కాగితం మీద దాని పక్కన ఒక ప్రశ్నార్థకం.
ఆ వంకర గీతతోనే
వారం రోజులు అన్నం సయించలేదట.

మొదట మందు లేకుండా.
బూడిదలో బూడిద.
కాలేయం, మచ్చ, నెత్తురు
అన్నిటిదీ ఒకే మునిమాపు రంగు.

"ఇప్పుడు మందు ఎక్కుద్ది. గొంతులోంచి వేడి కిందికి పాకుద్ది.
నోట్లో ఇనప రుచి.
ఉచ్చ పడిపోయినట్టుంటది, పడదు. భయపడొద్దు."
రోజుకి ఇరవైసార్లు చెప్పే మాటలు.
ఇరవైసార్లూ వాళ్ళకి అది మొదటిసారే.

తొంభై మిల్లీలీటర్లు, సెకనుకి నాలుగు,
వెనకాలే తోసుకొచ్చే సెలైను.
గాజు ఇవతల నేను
పెద్ద ధమనిలో చిన్న సున్నా చుట్టి కాపలా కూర్చున్నాను.
అంకె పెరుగుతోంది: నలభై, అరవై, నూట పది.
ముందు నొక్కితే మందు ఇంకా దారిలోనే ఉంటుంది.
వెనక నొక్కితే దాటిపోయి ఉంటుంది.
మిషన్లో ఎవరిదో రికార్డు గొంతు ఉంది,
ఊరూ పేరూ లేని గొంతు.
దాన్ని ఆపేసి నేనే అంటాను:
"ఊపిరి పీల్చుకో. బిగబట్టు. కదలమాక."
నాకు తెలీకుండా నేనూ బిగబడతాను.

మచ్చ అంచున తెల్లటి ముద్దలు,
తెగిన పూసలదండలా.
డెబ్భయ్యో సెకనుకి
పూసలు లోపలికి జరిగాయి. నడుమ ఇంకా నలుపు.

ఇక్కడ ఆపెయ్యొచ్చు.
బయట బెంచీ మీద పదకొండు మంది.
మైకులో అన్నాను: "ఇంకో అయిదు నిమిషాలు. అట్టాగే పడుకో.
వేడి బాగా తెలిసిందా?"
"ఇదా వేడి?
మే నెల్లో టిక్కీలు విప్పేటప్పుడు రా ఒకసారి."

తర్వాత తనే మొదలుపెట్టింది, పైకప్పుతో మాట్లాడుతున్నట్టు.
తాలుకాయ షెడ్డు నీడలో దొరకదంట.
అదీ ఎర్రకాయా ఒకటిగానే ఉంటయ్యంట.
పట్టా మీద పలచగా నెరిపి
ఎండ తగలనిచ్చి
కాసేపు ఊరుకోవాలంట.
"తొందరపడ్డోడు
మంచికాయని కూడా తాల్లో పారేస్తాడు."

నేను గడియారం చూస్తున్నాను.

ఊపిరి. బిగబట్టు.
నిండింది.
అంచు నుంచి నడుమ దాకా,
కాలవ వదిలిన రాత్రి మడి నిండినట్టు
చప్పుడు చెయ్యకుండా,
పక్కనున్న నెత్తురుతో సమానంగా.
ఇట్లా నిండేదాన్ని ఏమంటారో నాకు తెలుసు.
అనే హక్కు లేదు.
నా జీతంలో ఆ మాట లేదు.

సామ్రాజ్యం లేచి కూర్చుని పైట సర్దుకుంది.
నా ముఖాన్ని పట్టా మీద నెరిపినట్టు చూసింది.
"తాలేనా?"
"రిపోర్టు రేపు సాయంత్రం. డాక్టరుగారు చెబుతారు."
"ఊఁ."
"మంచినీళ్ళు బాగా తాగు. అన్నం కూడా తిను."
రెండో మాట మందుకి సంబంధించింది కాదు.

గుమ్మం దాకా పోయి ఆగింది,
మోచేతి దగ్గర దూది నొక్కిపట్టుకుని.
"ఏం కూరతో?" అంది.

గ్లవుజులు తీసేసి
తర్వాతి పేరు పిలవబోతూ కన్ను నులుముకున్నాను.
ఇందాక ఆమెని బల్ల ఎక్కించిన చెయ్యే.
భగ్గుమంది.